కొలకర్రతో తీసిన ఇల్లు

1956 ఫిబ్రవరిలో నన్ను ఒక్కరోజు పనిమీద యానాం పంపారు. అప్పుడు నేను కాకినాడలో ప్రభుత్వ ఫొటోగ్రాఫర్‌ని, రెండో తరగతి ఉద్యోగిని. యానాం ఫ్రెంచివాళ్ల చేతిలోంచి వచ్చి ఇంకా రెండేళ్లు నిండలేదు. అక్కడి ఆఫీసుకు సొంత ఫొటోగ్రాఫర్ లేక నన్ను అరువడిగారు. ‘గోదావరి ఒడ్డున పాత కట్టడాలు, పన్నెండు ప్లేట్లు, సాయంత్రం బస్సుకు తిరుగు ప్రయాణం’ అని ఉత్తర్వులో ఉంది. ప్లేటంటే ఒక్క ఫొటోకు సరిపడే గాజు పలక. ఆ ఫొటోలు ఎందుకో మాత్రం ఉత్తర్వులో లేదు. నేనూ అడగలేదు.

పాత కట్టడాన్ని ఫొటో తీసేటప్పుడు పక్కన ఒక కొలకర్ర నిలబెట్టడం మా పద్ధతి. ఆరడుగుల కర్ర; అడుగుకొక రంగు చొప్పున ఎరుపు, తెలుపు పట్టెలుంటాయి. దాన్నిబట్టి చూసేవాళ్లకు గోడ ఎంత ఎత్తో తెలుస్తుంది. సర్వేవాళ్ల దగ్గరా అచ్చం అలాంటి కర్రే ఉంటుందన్న సంగతి ఆ రోజు నా బుర్రకు తట్టలేదు.

బస్సు దిగగానే అక్కడి ఆఫీసు గుమాస్తా ఎదురొచ్చాడు. పెద్ద బంగళాల దగ్గర ఆగుదామంటే తర్వాత చూద్దామన్నాడు. నన్ను నేరుగా ఒడ్డుకు తీసుకెళ్లాడు. కర్ర భుజాన వేసుకుని నడుస్తుంటే వీధిలో తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. నాకు చిరాకేసింది. నేనేమైనా జప్తుకొచ్చానా?

ఒడ్డున ఫ్రెంచివాళ్ల కాలపు గిడ్డంగి గోడ ఉంది. ముందు దాన్నే మూడు ప్లేట్లు తీశాను. ఆ గోడను ఆనుకుని ఒక తాటాకిల్లు. ఆ ఇంటావిడ మరియమ్మ చేపలు ఎండబెడుతోంది. మొగుడు వేటకు వెళ్లాడట. గుమాస్తా నా కొలకర్ర తీసుకెళ్లి, గోడ చివర కాక, ఆమె గుమ్మం ముందే పాతాడు. నాకు అనుమానం వచ్చింది. అయినా కెమెరా నల్లగుడ్డ కప్పుకుని, దాని వెనక అద్దం మీద తలకిందులుగా కనిపించే ఇంటిని సరిచూసుకుని, నాలుగో ప్లేటు తీశాను.

గుడ్డలోంచి తల బయటపెట్టేసరికి ఆమె ఎదురుగా ఉంది.

“ఎవరండీ మీరు? ఆ కర్రెందుకండి?”

గోడ ఎత్తు తెలియడానికని చెప్పాను.

“గోడ ఎత్తు కావాలంటే ఆ చివరాకర ఎట్టుకోవచ్చు గదండి. నా గుమ్మం కాడెందుకండి?”

గుమాస్తా వైపు చూశాను. అతను గోదారి వైపు చూస్తున్నాడు.

మరియమ్మ కర్రను పెరికి నేలమీద పడుకోబెట్టింది. “ఇల్లు తీసుకోండి బాబూ, కర్ర మాత్రం వద్దండి” అని వెళ్లి గుమ్మంలో నిలబడింది. సరేనని కర్ర లేకుండా ఇంకో ప్లేటు తీశాను. ముందు తీసింది చూపించమంది. కడగని ప్లేటు వెలుతురు తగిలితే పాడైపోతుందని చెప్పాను. అది నిజమే. నమ్మినట్టు లేదు.

“అయితే పారేత్తారా?”

“పారేస్తానమ్మా” అన్నాను.

అది అబద్ధం. తీసిన ప్రతి ప్లేటూ నంబరుతో సహా అప్పగించాలి. పారేసే అధికారం నాకు లేదు. మిగతా ప్లేట్లు పూర్తిచేసి బస్సందుకోవాలన్న తొందరలో ఆ మాట అనేశాను. ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

రెండు నెలలకు యానాం ఆఫీసు నుంచి నాలుగో నంబరు ప్లేటును పెద్దది చేసి తెమ్మని కబురొచ్చింది. మరియమ్మ గుమ్మం ముందు కర్ర ఉన్న ప్లేటు అదే. తీసుకెళ్లి ఇచ్చాను. అక్కడి అధికారి నా ఎదుటే ఎర్ర పెన్సిలుతో కర్ర మీది పట్టెలు లెక్కపెట్టి, ఇంటి కొలతలు రాసుకున్నాడు. సర్కారు గోడను ఆనుకుని ఉన్నందుకు పడగొట్టాల్సిన ఇళ్ల జాబితా అట. కర్ర ఇంటికి మూడడుగులు ముందుంది, దాన్నిబట్టి వేసిన కొలత తప్పవుతుందని చెప్పాను. వృత్తిపరంగా అది నిజం. చెప్పింది మాత్రం మరియమ్మ కోసమే. ఆయన శాంతంగా విని, అయితే టేపుతో కొలిపిస్తామన్నాడు. కొలిపించారు. వానలు మొదలయ్యే లోపే ఇల్లు తీయించారు. మరో పనిమీద అటు వెళ్లినప్పుడు చూస్తే, గోడమీద ఆమె పొయ్యి మసి మిగిలి ఉంది.

ఆ తర్వాత, ఫొటో దేనికో కాగితం మీద రాసివ్వకపోతే ఏ ఊరికీ బయల్దేరలేదు. మొండివాడన్న పేరొచ్చింది. దానివల్ల ప్రమోషను రెండుసార్లు తప్పిపోయింది కూడా. కెమెరా వెనకున్న నాకు తెలియనిది, దాని ముందు నిలబడ్డ మనిషి ఒక్క చూపుతో పట్టేసింది. నేను నేర్చుకున్నది అంతే.

అయిదో నంబరు ప్లేటును ఎవరూ అడగలేదు. అందులో కర్ర లేదు. మరియమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి, సూటిగా నన్నే చూస్తోంది.