దీపాలకు గంపలు కట్టిన వేసవి

ఆ రోజుల్లో (మరీ తాతల నాటివేం కావు, ఆరేళ్ల కిందటివే) ఒక ఊరిని బాగుచేయడానికి ఓ రబ్బరు స్టాంపు, ఓ తీర్మానాల పుస్తకం, ఓ స్కూటీ ఉంటే చాలని నేను మనస్ఫూర్తిగా నమ్మేదాన్ని. ఆగిరిపల్లి దాటాక మామిడితోటల మధ్యనున్న చిన్న పంచాయతీకి సెక్రటరీగా కొత్తగా చేరాను. పుట్టి పెరిగింది బెజవాడ అపార్ట్‌మెంట్లలో. నాకు తెలిసిన నక్షత్రాలల్లా హాస్టల్ గది సీలింగుకి అంటించుకున్న రేడియం స్టిక్కర్లే. అంచేత చీకటి అంటే అభివృద్ధి ఇంకా రాకపోవడమని తేల్చేసుకుని, చేరిన మూడో నెలలోనే తోటల దారి మలుపులో కొత్త స్తంభం వేయించి పెద్ద ఎల్‌ఈడీ దీపం పెట్టించాను. అది వెలిగిన సాయంత్రం దాని కింద నిలబడి ఫొటో తీయించుకుని అమ్మకు పంపాను. "నువ్వు బానే పడ్డావు గానీ, వెనకాల ఏమీ కనబడట్లేదేంటే?" అంది అమ్మ. ఆ మాటలో ఎంత సంగతి ఉందో అప్పుడు నాకు తెలియలేదు.

రెండు వారాలకు ఓ ముసలావిడ ఆఫీసుకొచ్చి గుమ్మంలోనే కూర్చుంది. ఊరంతా మామ్మ అని పిలిచే ఆవిడ, ఆ మలుపు పక్కన తోటకు కాపలా మనిషి. తోటలో పాక, పాక ముందు నులకమంచం, అదే ఆవిడ ఇల్లు. "అమ్మాయిగారూ, ఆ దీపం కాస్త తీయించేయండి. నాకు చుక్కలు కనబడట్లేదు" అంది. "కళ్ళజోడు మార్చుకోవాలేమో మామ్మా" అన్నాను, చాలా దయగా. "నా కళ్ళు బానే ఉన్నాయండీ. మీ దీపానికే వెలుగెక్కువైంది" అంది. సంగతేంటంటే, కోతల రోజుల్లో ఎండ ముదరకముందే కాయ దింపాలి. పాకల్లో పడుకున్న కోతకూలీలను వేగుచుక్క చూసి లేపడం ముప్పై ఏళ్లుగా మామ్మ పని. దీపం వచ్చాక ఆకాశమంతా తెల్లగా అలుక్కుపోయి, ఓ రోజు రెండింటికే తెల్లారిందనుకుని అందర్నీ లేపేసిందట. ఫోనులో అలారం పెట్టుకోవచ్చుగా అని సలహా ఇచ్చాను (సలహాలివ్వడం నా ఉద్యోగంలో భాగమనుకునేదాన్ని). "ఫోనుకి ఛార్జింగు అయిపోద్దండీ. వేగుచుక్కకి ఆ బెంగ లేదు" అని, గొంతు తగ్గించి చెప్పింది. "ముసలిదానివైపోయావు, వచ్చే ఏడు ఇంకో మనిషిని పెట్టుకుంటానన్నారండీ బాబాయిగారు. పాక ఖాళీ చేస్తే నేనెక్కడికెళ్ళను?"

నాకు చప్పున సిగ్గేసింది. ఆవిడ కొంప కూల్చబోతున్నది నేను ఫొటో దిగిన దీపమే కదా!

ఊరంతా బాబాయిగారని పిలిచే ఆ తోట యజమాని ఇల్లు సరిగ్గా ఆ మలుపులోనే ఉంది. దీపం కావాలని నా చుట్టూ తిరిగిందీ ఆయనే. "దీపం తీస్తే ఒప్పుకునేది లేదు సెక్రటరీ గారూ, గేటు దగ్గర పాములు తిరుగుతున్నాయి. కావాలంటే వెలుగు తోటలోకి పోకుండా చూసుకోండి" అన్నారు. సరేనని గ్రామసభలో తీర్మానం పెట్టి, నా స్వహస్తాలతో రాశాను: 'వీధి దీపముల వెలుగు రోడ్డు దాటి తోటలలోనికి గాని, ఆకాశములోనికి గాని పోరాదు.' చదివి వినిపించగానే వెనక బెంచీలోంచి ఎవరో, "పోతే ఫైను ఎవరికండీ, ఆకాశానికా?" అన్నారు. సభ నవ్వుల మధ్య ఆమోదించింది. దీపాలకు రేకు టోపీలు కావాలని పైకి రాస్తే, నిధులు లేవని జవాబొచ్చింది. కోతలేమో ముమ్మరమైపోతున్నాయి. అప్పుడు తట్టింది నాకు ఆ మహత్తరమైన ఆలోచన. ఊళ్ళో ఏ షెడ్డులో చూసినా మామిడికాయలకు వాడే వెదురుగంపలే! దీపానికో గంప బోర్లిస్తే సరి, వెలుగు చచ్చినట్టు కిందికే పోతుంది. కోతకూలీలు నిచ్చెనలెక్కి, మలుపు దీపంతో కలిపి ఊళ్ళో ఉన్న పదకొండు దీపాలకు పదకొండు గంపలు కట్టేశారు. నేను కింద నిలబడి చేతులూపుతూ ఆజ్ఞలు జారీ చేశాను.

పొద్దుగుంకి దీపాలు వెలిగాయి. వెదురు అల్లికకు కన్నాలుంటాయన్న సంగతి (నేను బీఎస్సీ ఫిజిక్సు) నాకు అప్పుడు గుర్తొచ్చింది. రోడ్డు మీద, గోడల మీద, తోటలోని ఆకుల మీద, జనం మొహాల మీద లెక్కలేనన్ని వెలుగు చుక్కలు. గాలికి గంపలు ఊగినప్పుడల్లా ఊరు ఊరంతా మెల్లగా తేలుతున్నట్టుంది. పిల్లలు చుక్కల్ని తొక్కుకుంటూ పరుగులు పెట్టారు. చెప్పొద్దూ, నాకైతే ఎంతో ముచ్చటేసింది. మామ్మ మాత్రం మంచం మీద కూర్చుని, చీర కుచ్చిళ్ళ మీద పాకుతున్న చుక్కల్ని చూసుకుంటూ నిట్టూర్చింది. "అసలే కనబడట్లేదంటే, ఇన్ని తెచ్చిపోశారేంటండీ? ఇందులో వేగుచుక్క ఏదని వెతుక్కోను?"

ఇంతలో బాబాయిగారు పరిగెత్తుకొచ్చారు. "కొత్తగా సున్నం వేయించిన గోడండీ, మశూచి పోసినట్టయింది! తక్షణం దింపించండి" అని కేకలు. తీగల దగ్గర పని కాబట్టి గంపలు విప్పాలంటే ముందు దీపాల లైను ఆపాలి. "ఆపండయ్యా!" అని ఆయనే అరిచారు. ఆపారు.

ఒక్కసారిగా చీకటి. ముందు కళ్ళకేమీ తెలియలేదు. తర్వాత మామిడికొమ్మల పైన ఒకటి, రెండు, ఆ పైన గుప్పెళ్ళతో చల్లినన్ని చుక్కలు. తోటలోంచి కోసిన కాయ జీడి వాసన. నిచ్చెన మీదున్న కుర్రాడు తాడు విప్పడం మానేసి అలాగే తల పైకెత్తి ఉండిపోయాడు. ఇరవై నాలుగేళ్లు నా నెత్తిమీదే ఉన్న ఆకాశాన్ని నేను మొదటిసారి చూశాను. ఎందుకో ఏడుపొచ్చింది. చాలాసేపటికి చీకట్లోంచి బాబాయిగారి గొంతు వినబడింది, బాగా తగ్గిపోయిన గొంతు. "చిన్నప్పుడు మా నాన్నతో ఆ పాక దగ్గరే పడుకునేవాణ్ణి..." ఆ తర్వాత, "గంపలకేం తొందర్లేదు, మెల్లగానే విప్పండి" అన్నారు.

మర్నాడు తీర్మానాల పుస్తకంలో ఇంకో వాక్యం చేరింది. కోతల కాలంలో రాత్రి తొమ్మిది దాటాక మలుపులో దీపం ఆర్పేయాలి, స్విచ్చి మామ్మ చేతిలో ఉండాలి. ప్రతిపాదించింది బాబాయిగారే. టార్చిలైటు ఒకటి కొనుక్కున్నారట, పాముల కోసం. ఆ సీజనంతా మామ్మ వేళకే లేపింది. పాక ఆవిడకే ఉండిపోయింది.

ఆ తీర్మానం రాసిన సాయంత్రం నులకమంచం మీద ఆవిడ పక్కన కూర్చుని, "వేగుచుక్క ఏది మామ్మా?" అని అడిగాను. ఆవిడ పకపకా నవ్వింది. "ఇప్పుడేం ఉంటదమ్మాయిగారూ! తెల్లారగట్ల రండి, చూపిస్తాను." తప్పకుండా వస్తానన్నాను. రోజూ నాలుగింటికి అలారం పెట్టుకున్నాను, రోజూ దాని నోరు నొక్కి పడుకున్నాను. ఆ ఏడు చివర్లో బదిలీ అయిపోయింది.

ఆనాటి గంప ఒకటి ఇప్పుడు పట్నంలో మా బాల్కనీ దీపానికి వేలాడుతోంది. సాయంత్రం స్విచ్చి వేస్తే గోడంతా చుక్కలు పడతాయి. ఊరందరికీ ఆకాశం తెచ్చిపెట్టానని అప్లికేషన్లలో రాసుకోదగినంత గర్వపడి, ఒక్క తెల్లవారుజామున లేవలేకపోయిన ఆ సెక్రటరీ పిల్లను తలచుకుని నవ్వుకుంటాను. తర్వాత దీపం ఆర్పేసి, కాసేపు పైకి చూస్తాను. ఏమీ కనబడదు. నాలుగింటికి అలారం మాత్రం ఇప్పటికీ పెట్టుకుంటూనే ఉన్నాను.