కాపర్ కెటిల్ శనివారాలు

కోవిడ్ ఆంక్షలన్నీ ఎత్తేసిన మరుసటి ఏడాది వేసవి. ఇంగ్లండ్‌లో లీసెస్టర్‌కు దక్షిణాన, పల్లెల మధ్య ఉన్న ఒక ఈక్వైన్ ప్రాక్టీస్‌లో, అంటే గుర్రాలకు మాత్రమే వైద్యం చేసే ఆస్పత్రిలో పనిచేస్తున్నాను. మాది కడప వైపు. తిరుపతిలో పశువైద్యం చదివే రోజుల్లో నా చేతికి వచ్చినవన్నీ గేదెలు, గొర్రెలు, ఎప్పుడైనా ఒక పెళ్లి ఊరేగింపు గుర్రం. ఇక్కడికొచ్చి మళ్లీ పరీక్షలు రాసి గుర్రాల డాక్టరునయ్యానని ఫోన్లో చెబితే మా నాన్న, "గుర్రాల డాక్టరువా, గుర్రప్పందేల డాక్టరువా? రెండోదైతే ఊళ్లో ఎవురికీ చెప్పాకు," అన్నాడు.

ఆయన మనసులో పందెమంటే హైదరాబాద్ మలక్‌పేట, కొంపలు మునగడం. ఇక్కడి స్టీపుల్‌చేజ్ సంగతి వేరు. చలికాలంలో, బురదనేల మీద, మనిషి ఛాతీ ఎత్తు కంచెలు దూకుకుంటూ మైళ్ల తరబడి పరుగెత్తాలి. ఒళ్లు ఉంటే చాలదు, గుండె ఉండాలి. అలాంటి గుర్రం ఒకటి దొరికితే జనం దాన్ని పరుగు మానేశాక కూడా మరిచిపోరు. వెతుక్కుంటూ వచ్చి, పలకరించి, ఫోటోలు దిగి వెళ్తారు.

కాపర్ కెటిల్ అలాంటి గుర్రం. రాగి రంగు ఒళ్లు, నుదుటి మీద తెల్ల మచ్చ. మిగతా రేస్‌కోర్సుల్లో వాడు మంచి గుర్రం, అంతే. హేలీ డౌన్‌లో మాత్రం మహారాజు. అక్కడ చివరి మలుపు తర్వాత గెలుపు స్తంభం దాకా ఒక పొడవాటి ఎత్తు ఉంది. వేరే గుర్రాలు ఆ ఎత్తు చూసి నీరసపడితే వీడు చెవులు రిక్కించేవాడట. మా ఊరి పబ్‌లో వాడి ఫోటో ఇప్పటికీ ఉంది, చివరి కంచె మీద గాల్లో తేలుతూ. వాడికి హేలీ డౌన్ ఎందుకంత ఇష్టమని అడిగితే పబ్‌లో ఒక్కొక్కరు ఒక్కో కథ చెబుతారు. నేలంటారు, గాలంటారు, జనం కేకలంటారు. అందరూ ఒప్పుకునేది ఒకటే. మెయిన్ రోడ్డు దిగి గుర్రాల లారీ హేలీ డౌన్‌కు పోయే సందులోకి తిరగగానే, కిటికీ లేని పెట్టెలో కూడా వాడు తల పైకెత్తేవాడు.

ఈ మాట నాకు చెప్పింది మోరీన్. కెటిల్ పరుగెత్తిన కాలమంతా వాణ్ణి సాకింది ఆవిడే. తోమడం, మేపడం, పందెం రోజున కళ్లెం పట్టుకుని జనం ముందు నడిపించడం అన్నీ ఆవిడ చేతుల మీదే. వాడు పరుగు మానేశాక ఓనరు, మెత్తటి మనసున్న ఒక ముసలి రైతు, తన పొలం చివర ఉన్న కాటేజీ ఆవిడకిచ్చి వాణ్ణీ అక్కడే వదిలాడు. మోరీన్ పెళ్లీ పిల్లలూ లేని మనిషి. ఆవిడకు సంసారం ఆ గుర్రమే.

ఆ వేసవిలో ఆవిడ ఫోన్ చేసింది. "రవీ, మావాడు సరిగ్గా తినట్లేదు లవ్. ఒకసారి వచ్చి చూసిపో." ఇక్కడివాళ్ల నోట 'లవ్' అంటే మన 'నాయనా' లాంటిదే. ఇంగ్లిష్‌లో నువ్వూ మీరూ ఒకటే అయినా ఆవిడ గొంతులో ఉన్నది నువ్వే. వెళ్లి చూసి గతుక్కుమన్నాను. ఇరవై దాటిన గుర్రం కాస్త చిక్కడం మామూలే, కానీ వీడి పక్కటెముకలు దూరం నుంచే కనిపిస్తున్నాయి.

చేయాల్సినవన్నీ చేశాను. నోరు తెరిచి పళ్ల అంచులు అరగదీశాను. రక్తపరీక్ష చేయించాను. గాస్ట్రోస్కోప్, అంటే ముక్కులోంచి కడుపులోకి దింపే కెమెరా గొట్టం, అదీ పెట్టి చూశాను. పుండ్లు లేవు, గడ్డలు లేవు, రక్తం శుభ్రంగా ఉంది. పైగా నేను వెళ్లిన ప్రతిసారీ వాడు నా ముందే కరకరా నములుతున్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది.

"తింటున్నాడుగా మోరీన్?"

"ఇవాళ తింటున్నాడు. వీకెండ్‌లో ముట్టడు. ఒళ్లంతా చెమట, కాలు కాలిన పిల్లిలా తిరుగుడు."

వీకెండ్‌లో అభిమానులు వస్తారు. లాక్‌డౌన్‌కు ముందు ఎప్పుడో ఒకరు వచ్చేవారు, ఈ వేసవిలో ప్రతి వారమూ వస్తున్నారు. సరే, జనం గోల పడట్లేదనుకుని ఒక వారం ఎవరినీ రానివ్వొద్దన్నాను. ఆవిడ గేటుకు బోర్డు తగిలించింది. అయినా ఆ శనివారం, ఆదివారం వాడు గడ్డిపోచ ముట్టలేదు. నా దగ్గరున్న ఆఖరి ఆలోచన కూడా గంగలో కలిసింది.

ఓనరు నన్ను పక్కకు పిలిచాడు. "ఈ ఒంటితో వాణ్ణి చలిలోకి పంపను రవీ. ఆకులు రాలేలోపు బాగుపడతాడని నువ్వు చెప్పగలిగితే సరే. లేదంటే నొప్పి తెలియకుండా పంపించేద్దాం." ఆయన అన్నదాంట్లో తప్పు లేదు. పంపించాల్సిన ఇంజెక్షన్ ఇచ్చేది నేనే. మోరీన్ మాకు దూరంగా నిలబడి తొట్టి కడుగుతోంది, కడిగిందే కడుగుతోంది.

ఆ తర్వాతి శనివారం నాకు సెలవు. నేనూ మా ఆవిడ లలితా లీసెస్టర్ వెళ్లి వారానికి సరిపడా కూరగాయలు కొనుక్కుని వస్తున్నాం. దారిలో కారు మోరీన్ ఇంటివైపు తిప్పాను. లలిత తెనాలి మనిషి, ఊరుకుంటుందా?

"సెలవు రోజు కూడా గుర్రమేనా? కరివేపాకు వాడిపోతుందండీ!"

"ఐదే ఐదు నిమిషాలు."

"మీ ఐదు నిమిషాలు నాకు తెలుసులెండి."

పొలం గేటు దగ్గర కెటిల్ నిలబడి ఉన్నాడు. నేను వారం మధ్యలో చూసే గుర్రం కాదు. ఒళ్లు తళతళలాడుతోంది. జూలంతా చిన్న చిన్న జడలుగా అల్లి, దారంతో కుట్టి, మెడ పొడవునా ముడులు బిగించి ఉంది. పక్కనే హేనెట్, ఎండుగడ్డి నింపిన వలసంచి, నిండుగా వేలాడుతోంది. దాని వంక చూడను కూడా చూడట్లేదు. మెడ సాచి రోడ్డు వైపే చూస్తున్నాడు.

లలిత కారు దిగి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "ఇదేంటండీ, జడలేసుకుని ముస్తాబై, ఎవరో వచ్చి తీసుకెళ్తారన్నట్టు రోడ్డు వంకే చూస్తున్నాడు? ప్రయాణం పెట్టుకున్నవాడికి ఆకలేం వేస్తుంది?"

ఆవిడ సరదాకే అంది. నేను మాత్రం ఆ జడలనే మళ్లీ చూశాను. మోరీన్‌ను పిలిచాను.

"ఈ జడలు ఎప్పుడు వేశావు?"

"శుక్రవారం సాయంత్రం. ఆదివారం చీకటి పడ్డాక విప్పుతా. జనం ముందుకు జడల్లేని గుర్రాన్ని తీసుకెళ్లడం నా జన్మలో లేదు రవీ. అది కాపర్ కెటిల్!"

"బోర్డు పెట్టిన వారం?"

"అప్పుడూ వేశాను. బోర్డు చూడకుండా ఎవరైనా వస్తే?"

"పందేలకు వెళ్లే రోజుల్లో, జడలేశాక హేనెట్ ఉంచేదానివా?"

"తీసేసేదాన్ని. నిండు పొట్టతో పరుగెత్తకూడదుగా. జడలు, మేత తీసెయ్యడం, లారీ... తర్వాత హేలీ డౌన్."

అక్కడే ఉన్న బకెట్ బోర్లించుకుని దాని మీద కూలబడింది. ప్రతి శుక్రవారమూ ఆవిడ ఆ గుర్రానికి రేపు పందెమని చెబుతోంది. వాడు తిండి మాని, రాని లారీ కోసం రెండు రోజులు నిలబడే ఉంటున్నాడు. గుర్రాన్ని ప్రాణంలా చూసుకునే మనిషి తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు అది. "నేనే వాణ్ణి పస్తు పెట్టానా?" అని మొహం కప్పుకుని ఏడ్చింది. లలిత వెళ్లి ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసింది. కరివేపాకు మాట మళ్లీ ఎత్తలేదు.

జడలు మానేశాక వాడు తినసాగాడు. ఎముకల మీద కండ మెల్లిగా వచ్చింది. అయితే శనివారం పొద్దున మాత్రం, జడలు లేకపోయినా, కాసేపు రోడ్డు వంక చూసేవాడు. అలవాటు ఇంకా వదల్లేదు. ఇంతలో హేలీ డౌన్ నుంచి కబురు వచ్చింది. సీజన్ మొదటి రోజున, పెద్ద పందేనికి ముందు, పాత ఛాంపియన్లను జనం ముందు నడిపించడం అక్కడి ఆనవాయితీ. కెటిల్‌ను తీసుకురమ్మన్నారు.

నేను ఒప్పుకోలేదు. మళ్లీ జడలు, లారీ, ఆశ. చలికి ముందు మళ్లీ తిండి మానేస్తే ఓనరుకు నేనేం చెప్పాలి? ఓనరు నిర్ణయం నాకే వదిలేశాడు. మోరీన్ మాత్రం వదల్లేదు.

"వాడి చివరి పందెం నీకు తెలుసా? వేరే చోట. నరం పట్టేసి సగంలో ఆగిపోయాడు. గుర్రాల అంబులెన్స్‌లో తెచ్చాం. ఆ గొడవలో వాణ్ణి కడగలేదు, నడిపించలేదు, జడలు ఎవరు విప్పారో కూడా తెలియదు. కడిగి, నడిపించి, జడలు విప్పితేనే వాడి లెక్కలో పందెం అయిపోయినట్టు. మొదలైందని వాడికి ఎన్నిసార్లో చెప్పాను రవీ. అయిపోయిందని చెప్పలేదు."

ఏ పుస్తకంలోనూ చదవని వాదన. నేనూ వెంట వస్తానన్న షరతు మీద సరేనన్నాను.

ఆ రోజు మోరీన్ వాడికి మళ్లీ జడలు వేసింది. లారీలో నేను వాడి పక్కనే కూర్చున్నాను. మెయిన్ రోడ్డు దిగి సందులోకి తిరగగానే వాడు తల ఎత్తాడు. మోరీన్ చెప్పినప్పుడు నమ్మలేదు కానీ, ఇప్పుడు కళ్లారా చూశాను. జనం ముందు నడుస్తుంటే చప్పట్లు. ముసలి కాళ్లు చిన్నగా నాట్యం చేశాయి. మిగతా గుర్రాలన్నీ వెనక్కి తిరిగే చోట వాడు తిరగలేదు. మోరీన్‌ను లాక్కుంటూ నేరుగా గెలిచిన గుర్రాల ఆవరణలోకి వెళ్లి, మొదటి స్థానం బోర్డు ముందున్న పచ్చికలో నిలబడిపోయాడు. అక్కడి సిబ్బంది నవ్వారు. ఎంత లాగినా కదల్లేదు. దేనికోసమో ఎదురుచూస్తున్నాడు. మళ్లీ మేత మానేస్తాడేమోనని నాకు భయం పట్టుకుంది.

మోరీన్ జేబులోంచి చిన్న కత్తెర తీసింది. జనం ముందుకు జడల్లేకుండా రానివ్వనన్న మనిషి, అంతమంది ముందు, మొదటి జడ దారం కత్తిరించింది. తర్వాత రెండోది. వేళ్లతో విప్పుతూ, మెడ నిమురుతూ, వాడి చెవిలో చెబుతోంది. "అయిపోయిందిరా నాయనా. నువ్వే గెలిచావు. ఇంక ఇంటికి పోదాం." ఆవిడ బుగ్గలు తడిసిపోయాయి. ఆఖరి జడ విప్పగానే వాడు పొడవుగా ఊపిరి వదిలాడు. తల కిందికి దించి, ఆవరణలోని పచ్చిక పీకి నమలడం మొదలుపెట్టాడు.

సిబ్బందిలో ఒకాయన పచ్చిక పాడవుతుందని ముందుకొచ్చాడు. ఓనరు అతని మోచెయ్యి పట్టుకుని ఆపాడు. "తిననివ్వండి," అన్నాడు.

పని మానేసిన ప్రాణికి, గుర్రానికైనా మనిషికైనా, విశ్రాంతి ఇచ్చేశాం కదా అనుకుంటాం. ఆ సంగతి దానికి ఎవరైనా చెప్పారా అని ఆలోచించం. ఇప్పుడు ముసలి గుర్రం మేత మానేసిందని ఫోన్ వస్తే పళ్లూ రక్తమూ ఎలాగూ చూస్తాను, దాంతోపాటు దాని పాత పని ఎలా ముగిసిందో కూడా అడుగుతున్నాను.

కెటిల్ ఇంకో రెండు చలికాలాలు హాయిగా బతికాడు. శనివారాలు జనం వస్తూనే ఉన్నారు, మోరీన్ జూలు అల్లకుండానే ఫోటోలు తీయించింది. వాటిలో కొన్ని మా ఇంట్లోనూ ఉన్నాయి. ఏ ఫోటో చూసినా వాడి నోట్లో గడ్డి ఉంటుంది.