రెండడుగుల సందు

ప్రత్తిపాడు దగ్గర ఒకప్పటి పత్తిచేలో తొమ్మిది కుటుంబాలం కలిసి స్థలం కొన్నాం. విడివిడిగా ఇల్లు కట్టే తాహతు మాలో ఎవరికీ లేదు. మాది నల్లరేగడి. పునాది లోతుగా తవ్వకపోతే గోడలు బీటలు వారతాయి. సగం డబ్బు భూమిలోకే పోతుంది. అందుకని ఇళ్ళన్నీ ఒకే వరసలో, పక్కపక్క ఇళ్ళ మధ్య ఒకటే గోడ, అందరికీ కలిపి ఒకటే బోరు అనుకున్నాం. ఈ ఆలోచన నాదే. ముప్పై ఏళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన నోరు కదా, ఊరుకోలేదు. ఇంటింటికీ తిరిగి ఉమ్మడి గోడ మీద ఉపన్యాసాలిచ్చి మరీ ఒప్పించాను.

అందరికంటే ముందు ఒప్పుకున్నది మిరప యార్డులో తొడిమలు తీసే ఆవిడ. పాతికేళ్ళుగా అద్దె ఇళ్ళే. ఆవిడ బట్టలకంటిన మిరప ఘాటుకు దగ్గొస్తోందంటూ ఇల్లుగలవాళ్ళు ఖాళీ చేయిస్తుంటారట. వరసలో ఎనిమిదో ఇల్లు నాది, చివరి తొమ్మిదోది ఆవిడది. ఆదివారం చర్చి అవగానే నేరుగా వచ్చి, తన జాగాలో కాసేపు నిలబడి వెళ్ళేది.

ముగ్గు పోసే రోజు పొద్దున్నే అందరం చేరాం. మేస్త్రి దారాలు కట్టి, సున్నంతో గీతలు పోసుకుంటూ ఒకటో ఇంటి నుంచి వచ్చాడు. ఇంటికి పద్ధెనిమిది అడుగుల వెడల్పు. ఎనిమిదో ఇల్లు గీశాక టేపు పెట్టి చూసి, స్థలం అయిపోయిందన్నాడు. తొమ్మిదో ఇంటికి మిగిలింది రెండడుగులు.

నేను మేస్త్రి మీద అరిచేశాను. అతను కోప్పడకుండా ఇంటికీ ఇంటికీ మధ్య వదిలిన రెండేసి అడుగుల సందులు చూపించాడు. ఒక్కొక్కరూ చాటుగా వచ్చి, తమ గోడ పక్కింటి గోడతో కలపొద్దని చెప్పి వెళ్ళారట. వాస్తు అని ఒకరు, రేపు తగువులొస్తాయని ఇంకొకరు. ఎనిమిది ఇళ్ళవాళ్ళూ అడిగారు కాబట్టి అందరికీ తెలిసే జరుగుతోందనుకున్నాడు.

"మొదట అడిగింది మీరేగా టీచరుగారూ," అన్నాడు.

నిజమే, అడిగాను. మా దేవుడి గది గోడకు అవతల ఆవిడ వంటిల్లు వస్తుంది. ఆదివారం ఆ పొయ్యి మీద ఏం ఉడుకుతుందోనని జంకాను. పైకి మాత్రం వాస్తు అన్నాను. రెండడుగులు తగ్గితే సర్దుకుంటుందిలే అనుకున్నాను. మిగతా ఏడుగురూ అలాగే అనుకున్నారని ఆ క్షణం దాకా తెలియదు. అంతమంది ముందు సిగ్గుతో చచ్చిపోయాను.

నా సందు తీసెయ్యమన్నాను. మీ ఒక్కరిది తీస్తే నాలుగడుగులేనండీ, అందరివీ తీయాలి అన్నాడు మేస్త్రి. అందరి వంకా చూశాను. ఒకాయన ఫోన్ తీశాడు. ఇంకొకామె చీరకంటిన సున్నం దులుపుకుంటోంది. ఒక్కరూ సరే అనలేదు.

తొమ్మిదో ఇంటావిడ గొంతు కూడా పెంచలేదు.

"గోడ కలిస్తేనే ఖర్చు కలిసొస్తుందన్నారుగదండీ టీచరుగారూ. మీ మాట నేనొక్కదాన్నే నమ్మానా?" అంది.

తన వాటా డబ్బు తనకిచ్చెయ్యమంది. విడిగా గోడ కట్టుకునే స్తోమత లేక ఒక్కటైన ఎనిమిది ఇళ్ళవాళ్ళం, ఆ డబ్బు మొత్తం మూడు రోజుల్లో పోగుచేసి ఆవిడ చేతిలో పెట్టాం.