తొండుపల్లిలో తెరచాప లేచిన రోజు

ఆ రోజుల్లో (తాతల నాటి సంగతేం కాదు, నా జేబులో ఇప్పటి ఫోనుకు ముందు ఫోను ఉన్న రోజుల్లో) మా తొండుపల్లిలో కుర్రవాళ్ళకు భవిష్యత్తు అంటే గోడకు అవతల ఉండేది. గోడ ఎయిర్‌పోర్టుది. అవతలికి పోవడానికి పాసు కావాలి, పాసుకు నౌకరీ కావాలి, నౌకరీకి తెలిసినవాళ్ళు కావాలి. మా బాపు అక్కడ ట్రాలీల మీద సూపర్‌వైజరు కాబట్టి మాకు తెలిసినవాళ్ళకు లోటు లేదు. లోటల్లా నాలోనే ఉంది. తలమీదుగా విమానం పోతే ఊళ్ళో అందరూ తలెత్తకుండానే అది ఏ ఊరికో చెప్పేవాళ్ళు. నాకు మాత్రం దాని వెనకాల మిగిలే ఖాళీ ఆకాశమే నచ్చేది. ఇది కవిత్వం అనుకునేరు, శుద్ధ సోమరితనం. ఇక సముద్రమంటే మాకు తెలిసింది హిమాయత్‌సాగర్ చెరువు. పేరులోనే సాగరం ఉంది కదా, అంతకుమించిన నీళ్ళు ఎవరికి కావాలి అనుకునేవాళ్ళం.

అలాంటివాణ్ణి డిగ్రీ అయ్యాక స్నేహితుడితో కొచ్చికి షికారు పోయి, రేవులో మూడు కొయ్యల తెరచాప ఓడ ఒకటి నిలబడి ఉంటే చూశాను. కొయ్య కొయ్యకూ అంతస్తులుగా చుట్టిపెట్టిన చాపలు, ఇల్లంతా తీగలు లాగినట్టు తాళ్ళు, ఆ తాళ్ళ మీద చెట్టెక్కినంత తేలిగ్గా ఎక్కి దిగుతున్న మనుషులు. పాత పద్ధతిలో ఓడ నడపడం నేర్పుతారట, నేర్చుకునేవాళ్ళను కళాసీలుగా పెట్టుకుని కొంచెం జీతం కూడా ఇస్తారట. స్నేహితుడు ఫోటో దిగాడు. నేను ఉద్యోగంలో దిగాను. ఇంటికి ఫోను చేసి ఓడలో నౌకరీ అంటే అమ్మ "ఏసీ ఉంటదా బిడ్డా" అంది, బాపు వాడకట్టంతా మిఠాయి పంచాడు. తర్వాత నేను కొయ్య చివరన గబ్బిలంలా వేలాడుతున్న ఫోటో పంపాను. బాపు చాలాసేపటికి ఫోను చేశాడు.

"ఇదేంది రా, బట్ట కట్టిండ్రు?"

"అది తెరచాప బాపు. గాలితోని నడుస్తది."

"ఇంజను లేదా?"

"చిన్నది ఉంది. రేవులకు వచ్చేటప్పుడే వాడుతరు."

"ఇంజను పెట్టుకొని గాలి మీద నడుపుడేంది? కంపెనీ అంత గరీబుదా?"

"గాలికి పైసలు పడవు బాపు" అని ఫోను పెట్టేశాను. (కంపెనీ నిజంగానే కొంచెం గరీబుదే, అది వేరే సంగతి.)

ఓడ మీద మా పని చూసే పెద్దమనిషి ఉప్పాడ వైపు ఆయన. అందరం సరంగుగారు అనేవాళ్ళం. చిన్నప్పుడు చేపల పడవలో మొదలై, దేశదేశాల తెరచాప ఓడలన్నీ తిరిగి, చేతులు మోకుల్లాగే మొరటు తేలినవాడు. నన్ను పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. "ఏమయ్యా తొండుపల్లీ, చాప టపటపలాడుతుంటే నీకు అన్నం ఎలా దిగుతుందయ్యా? అది గుడ్డ ఏడుపు. ఏడిపించకూడదు" అనేవాడు. ఆయన మతంలో రెండే సూత్రాలు. చాప కొట్టుకోకూడదు, అది మొదటిది. ఎంత గట్టి కట్టైనా ఒక్క లాగుకు విడిపోవాలి, అది రెండోది. మిగిలిన జీవితమంతా డెక్కు కడగడం, తారు పూయడం, చిరిగిన చాపలు కుట్టడం, నాలుగు గంటలు కాపలా కాసి కొంచెం నిద్రపోయి మళ్ళీ లేవడం. సీజను అయిపోతే ఒకడు ఊళ్ళో ఈత నేర్పుతాడు, ఒకడు వడ్రంగం చేస్తాడు, ఒకడు ఆటో నడుపుతాడు. ఈ పనిలో మేడలు కట్టినవాణ్ణి నేను చూడలేదు. కానీ సీజను రాగానే అందరూ మళ్ళీ రేవులో కనపడతారు, ఎందుకొచ్చామో ఎవరికీ తెలియని ముఖాలతో. నాకు తెలుసు అనుకుంటాను. తెల్లవారుజామున కొయ్య మీదికి ఎక్కి చాప విప్పితే అది కాసేపు గొడవ చేస్తుంది. తర్వాత ఎక్కడినుంచో గాలి వచ్చి దాని కడుపు నింపుతుంది. అంతే, చప్పుడు ఆగిపోతుంది. అంత పెద్ద ఓడ ఎవరూ తోయకుండా, ఎవరినీ అడగకుండా కదులుతుంది. ఆ నిశ్శబ్దంలో నాకు ఆకలి కూడా వేసేది కాదు. (నన్ను ఎరిగినవాళ్ళకు ఇది ఎంత పెద్ద మాటో తెలుసు.)

మొదటి సీజను ముగించి ఇంటికొచ్చేసరికి బాపు నాకోసం కార్గో గోడౌనులో ఉద్యోగం సిద్ధం చేసిపెట్టాడు. ఓడ వాళ్ళు రెండో సీజనుకు రమ్మని పిలిచిన సంగతి చెబితే, అన్నం కలుపుతూ "ఆడుకున్నది చాలు" అన్నాడు. తిట్టలేదు. తిడితే వాదించవచ్చు, మా బాపు ఆ అవకాశం ఎవరికీ ఇవ్వడు. ఆయన ఒప్పుకోకుండా పారిపోయి ఓడెక్కే ధైర్యం నాకు లేదు. కొయ్య చివరికి ఎక్కగలను గానీ బాపు ముఖం చూడకుండా గడప దాటలేను.

అదే వారం అక్క బిడ్డకు తొట్టెల ఫంక్షను (పసిదాన్ని ఉయ్యాలలో వేసే వేడుక). ఇంటి పక్క ఖాళీ జాగలో షామియానా వెయ్యాలి. మా టెంట్ భాయ్ (షంషాబాద్‌లో ఆయన షామియానా కింద నవ్వని, ఏడవని కుటుంబం లేదు) సామాను దించి తల పట్టుకున్నాడు. పనిపిల్లలు వేరే దావతుకు పోయారట.

"పరేషాన్ గాకు భాయ్, నేను కడ్త," అన్నాను. "ఓడల నా పని గదే."

టెంట్ భాయ్ బాపు వైపు చూశాడు. బాపు నా వైపు చూశాడు.

"కట్టు," అన్నాడు బాపు. "నువ్వేం నేర్సినవో అందరు జూస్తరు. కార్గో సార్‌ను గూడ పిలిసిన. టెంట్ సక్కగ నిలవడితే నీ ఓడకు నువ్వు పో, నేనేమనను. పడితే సోమవారం నుంచి గోడౌను. మంజూరేనా?"

"మంజూరు," అన్నాను. అరేబియా సముద్రం మీద చాపలు ఎత్తినవాడికి పప్పు, బగారన్నం మీద ఒక గుడ్డ కప్పడం లెక్కా అనుకున్నాను.

నిజం చెప్పొద్దూ, బ్రహ్మాండంగా కట్టాను. పైకప్పు ఎత్తి, ఇనుప పైపులు నిలిపి, మోకులు మేకులకు బిగించి, చుట్టూ గుడ్డ గోడల్లా కనాతులు దించాం. పడమటి వైపు గుమ్మం తెరిచి ఉంచాం, బంధువులు అటునుంచే రావాలి. అంతా అయ్యాక నిలబడి చూస్తే తూర్పు వైపు కనాతు టపటపలాడుతోంది. దానికీ పైకప్పుకూ నడుమ చేతెడు సందు ఉంది. అందులోంచి గాలి పోతోంది, గుడ్డ కొట్టుకుంటోంది. నా చెవిలో సరంగుగారు నిద్రలేచాడు. గుడ్డ ఏడుపు. ఏడిపించకూడదు.

"భాయ్, ఈ సందు ఎందుకు?"

టెంట్ భాయ్ సిగ్గుపడ్డాడు. "పైన తాళ్ళు పొడుగు పెట్టిండ్రు భాయ్, మా పోరగాళ్ళ సుస్తీ. ఎప్పుడు గట్లనే వదిలేస్తరు."

ఇంకేం, నిచ్చెన వేసుకుని ఎక్కి, ఆ సందును ఈ చివరినుంచి ఆ చివరిదాకా సన్నతాడుతో చాపకు చాప కుట్టినట్టు అల్లేశాను. కింది అంచును మేకులకు బిగించాను. చివరి ముడి మాత్రం పద్ధతి ప్రకారం ఒక్క లాగుకు విడిపోయేలా వేశాను. చప్పుడు ఆగిపోయింది. టెంట్ భాయ్ చుట్టూ తిరిగి చూసి "క్యా బాత్ హై, మిలట్రీ లెక్క కట్టినవ్" అన్నాడు. నేను వినయంగా తల దించుకున్నాను. అలా దించుకోవడానికి ఎంత గర్వం కావాలో అనుభవించినవాళ్ళకే తెలుసు.

ఓడవాళ్ళు తప్ప భూమ్మీద ఇంకెవరూ చెయ్యని పొరపాటు అది. పడమట గుమ్మం తెరిచి, తూర్పున చీమ దూరే సందు లేకుండా మూసి, పైన బిగువైన గుడ్డ వేస్తే దాన్ని టెంటు అనరు.

మధ్యాహ్నం బంధువులు కూర్చున్నారు. అక్క బిడ్డను తొట్టెలో వేసి, ఏడిస్తే మళ్ళీ ఎత్తుకుంది. కార్గో సార్ (గుంటూరు వైపు పెద్దమనిషి, పిల్లల్ని కూడా గారూ అనే రకం) ముందు వరుసలో ప్లేటు పట్టుకుని కూర్చున్నాడు. బాపు మూల పైపుకు ఆనుకుని "మావోడే కట్టిండు సార్" అంటున్నాడు. ఆ మాటలో మొదటిసారి కొంచెం గర్వం వినపడి నా ఛాతీ వెడల్పయ్యేలోపు, పడమట మబ్బు కమ్మి గాలిదుమారం లేచింది. బయట చెట్లన్నీ ఒక వైపుకు వంగాయి. గాలి పిలవని చుట్టంలా గుమ్మంలోంచి వచ్చింది, పోవడానికి దారి వెతికింది, లేదు, పైకి చూసింది.

నేను అలాంటి దృశ్యం సముద్రం మీద కూడా చూడలేదు. ఎరుపు, పచ్చ, నీలం చారల గుడ్డ మెల్లగా, నిండుగా, ఊపిరి పీల్చుకున్నట్టు ఉబ్బింది. చప్పుడు లేదు. మోకులు మాత్రం సన్నగా తంబూరాలా మోగాయి. గుడ్డలోంచి వడపోసిన రంగుల వెలుతురు అందరి ముఖాల మీదా, అన్నాల మీదా పాకింది. పసిది ఏడుపు మాని పైకి చూసింది. అందరూ పైకే చూశారు, ముద్ద నోటి దగ్గర ఆపుకుని. పైపులు ఒకటొకటిగా నేల విడిచాయి. మూల పైపు పట్టుకుని ఉన్న మా బాపు దానితోపాటే లేచాడు. ఎక్కువేం కాదు, జానెడు. ఒక కాలి చెప్పు జారి కింద పడింది. బాపు దానివైపు చూడలేదు. కొన్ని క్షణాలు మా తొట్టెల ఫంక్షను బగారన్నంతో సహా తూర్పు దిక్కుగా ప్రయాణం కట్టింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, నాకు మొదట వచ్చిన ఆలోచన, ఎంత బాగా నిండింది అని.

రెండో ఆలోచనకు పరుగెత్తాను. అల్లిన తాడు కొస దొరకబుచ్చుకుని ఒక్క లాగు లాగాను. తాడు సరసరా విడిపోయింది, సందు తెరుచుకుంది, గాలి అందులోంచి దూకి పోయింది. షామియానా ముసలి ఏనుగు కూర్చున్నట్టు నిదానంగా, ఎవరికీ దెబ్బ తగలకుండా, బంధువులందరి మీదా కూర్చుంది. బాపు నిలువునా కాళ్ళమీదే దిగాడు. గుడ్డ కింద కొన్ని దగ్గులు, ఒక నవ్వు, తర్వాత కార్గో సార్ గొంతు.

"ఏమండీ, ఆ తాడు లాగింది మీ అబ్బాయిగారేనా?"

"వాడే సార్," అంది బాపు గొంతు, చాలా నీరసంగా.

"బుర్ర చురుగ్గా ఉందండీ. లేకపోతే ఎవరి తలలో పగిలేవి. సోమవారం తప్పకుండా పంపండి."

జీవితంలో ఒక్కసారి సమయానికి సరైన పని చేశాను. దానికి శిక్షగా ఉద్యోగం వచ్చింది.

మర్నాడు ఇంటి ముందు కూర్చుని, చిరిగిన షామియానాను చాప కుట్టే పెద్ద సూదితో కుడుతున్నాను. టెంట్ భాయ్ టీ తాగుతూ గుడ్డను నిమిరి, "ఎన్ని దావతులు చూసిందో భాయ్ ఇది. ఎన్నడు గింత ఖుషీ గాలే" అని పోయాడు. బాపు వచ్చి పక్కన కూర్చున్నాడు. చిరుగు కొసను నాకు అందేలా లాగి పట్టుకున్నాడు.

"ఓడ మీద గూడ గిట్లనే ఉంటదా?"

"గిట్లనే ఉంటది బాపు. కింద పప్పు ఉండదు, అంతే."

నవ్వలేదు. ఎయిర్‌పోర్టు గోడవైపు చూస్తూ, "రోజు ఎంతమంది సామానో తోస్త. అందరు లేసిపోతరు. నేను ఎన్నడు నేల ఇడ్వలే" అన్నాడు. కాలి చెప్పు సర్దుకుంటూ, "నిన్న ఇడ్సిన" అన్నాడు.

నా సూది ఆగింది. ఆయన ముఖంలో నేనెప్పుడూ చూడని కుర్రవాడొకడు తొంగిచూసి మళ్ళీ లోపలికి పోయాడు.

"టెంట్ పడ్డది గద బాపు," అన్నాను. నాకు అనుకూలంగా ఉన్నప్పుడు నోరు మూసుకోవడం నాకు చేతకాదు.

"పడ్డది. నేను గూడ జూసిన," అన్నాడు. అప్పుడే ఫోను మోగింది, కార్గో సార్. బాపు లేచి నిలబడి మాట్లాడాడు, పెద్దవాళ్ళతో ఆయన కూర్చుని మాట్లాడడు. "నమస్తే సార్. మీ దయ సార్. కాని మావోనికి వేరే డ్యూటీ ఉంది సార్. గాలి డ్యూటీ."

ఫోను పెట్టేసి, నావైపు చూడకుండా, "కుట్టు జల్ది. భాయ్‌కి సాయంత్రం ఇంకో ఫంక్షనుంది" అని లోపలికి పోయాడు.

ఇప్పుడు నేనూ ఓడ మీద పిల్లలకు తాళ్ళు నేర్పుతున్నాను. ముప్పై నిండకుండానే మోకాళ్ళు మెట్లమీద చప్పుడు చేస్తున్నాయి, దారం ఎక్కించడానికి సూదిని వెలుతురుకు పెట్టి చూడాల్సి వస్తోంది. కొత్తవాళ్ళు, అన్నా, నువ్వు చూసిన పెద్ద గాలి ఏది అని అడిగితే మాల్దీవుల దగ్గరి తుఫాను గురించి చెబుతాను, అక్కడ నేను నిజానికి బకెట్టు పట్టుకుని పడుకునే ఉన్నాను. తొండుపల్లి గాలి గురించి చెబితే ఎవరూ నా మాట విని కొయ్య ఎక్కరు. కానీ పొద్దున్నే చాప నిండి చప్పుడు ఆగినప్పుడల్లా నాకు సముద్రం కనపడదు. జానెడు ఎత్తున తేలుతున్న ఒక ట్రాలీ సూపర్‌వైజరు కనపడతాడు. నాలో నేను నవ్వుకుంటాను. పిల్లలు నన్ను చూసి, అన్న గాలిని చదువుతున్నాడు, గప్‌చుప్ అని ఒకరికొకరు సైగ చేసుకుంటారు. చదువుతున్నట్టే కళ్ళు చిన్నవి చేసుకుని ఇంకాసేపు నిలబడతాను.