వంతెన దగ్గరి చప్పుళ్ళు

2023 ఆగస్టు. ఉదయం అయిదు ముప్పావు. కంపెనీ బస్సు నన్ను దుబాయ్ అల్ ఖూజ్ పేటలో ఒక గోదాము గేటు ముందు దింపింది. అప్పటికే ముప్పై ఆరు డిగ్రీలు. నాకిచ్చిన సామాను: నీలం యూనిఫాం రెండు జతలు, ఒక సైజు పెద్దవైన బూట్లు, వాకీటాకీ, రిజిస్టరు. ఆయుధం లేదు. డ్యూటీ ఆరు నుంచి ఆరు. ఆజ్ఞ ఒక్కటే: వచ్చే ప్రతి బండి నంబరూ, పోయే ప్రతి బండి నంబరూ రాయాలి.

ఆర్టిలరీలో పదిహేడేళ్ళు చేసి హవల్దారుగా దిగినవాడికి ఇదేం పోస్టింగ్ అని మా ఊళ్ళో ఇప్పటికీ నవ్వుతారు. "దుబాయ్‌ల ఏం జేసినవ్ మామా, గేటుకాడ కుర్సీల కూసున్నవ్ గదా" అంటారు. కూర్చున్న మాట నిజమే. కశ్మీరు కొండల్లో రెండుసార్లు చేశాను, ఎడారిలో చేశాను. నన్ను ఇంతగా అలసగొట్టిన డ్యూటీ మాత్రం ఆ కుర్చీలోదే.

గోదాములో టైల్సు, శానిటరీ సామాను ఉండేవి. ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు సిరియా కుర్దు. నలభై ఏళ్ళుంటాయి. పదకొండేళ్ళుగా దుబాయ్‌లో ఉన్నాడు, క్యాంపు హిందీ నాకంటే వేగంగా మాట్లాడేవాడు. నేను ఫౌజీనని తెలిసిన రోజున పది గంటల టీ దగ్గర సుద్దముక్కతో నేల మీద మ్యాపు గీశాడు. నది. దాని మీద వంతెన. వంతెనకు ఆరు కిలోమీటర్ల దూరంలో అతని ఊరు. ఉత్తరాన టర్కీ సరిహద్దు.

"ఇక్కడ అమెరికా వాళ్ళ క్యాంపు ఉండేది. వెళ్ళిపోయారు. రష్యా వాళ్ళు వచ్చి కూర్చున్నారు. వాళ్ళూ పోతారు. పైన ఎగిరేవి టర్కీ డ్రోన్లు. మా మీదికొచ్చే సిరియా ముఠాలకు జీతం, తుపాకీ అక్కడినుంచే."

"మీవాళ్ళెక్కడ?" అని అడిగాను.

వంతెన మీద వేలు పెట్టాడు. అతని తమ్ముడు కుర్దు బలగాల్లో ఉన్నాడు. పోస్టు అక్కడే.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు. లోకంలోని పెద్ద దేశాలన్నీ చుట్టలు పట్టుకుని వాళ్ళ ఇంటి ముందే నిలబడ్డాయి.

తల్లి ఒక్కతే ఆ ఊళ్ళో ఉండేది. పట్నంలో మేనమామ కొడుకు ఉన్నాడు, అతనికి పికప్ బండి ఉంది. వచ్చెయ్యమంటే ఆమె రాదు. తమ్ముడు నాలుగు రోజులకోసారి రొట్టెల కోసం ఇంటికొస్తాడు. వాడొస్తే తలుపు ఎవరు తీస్తారు అంటుందట.

మరుసటి ఏడు చలికాలం డమాస్కస్‌లో ప్రభుత్వం కూలిపోయింది. టీవీల్లో జనం గంతులేశారు. మా ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవర్ గంతులేయలేదు. ఆ వారమే వంతెన మీద పోరు ముదిరింది. తల్లి రోజూ ఫోనులో గొంతు రికార్డు చేసి పంపేది. వెనకాల ఫిరంగి చప్పుళ్ళు. ప్రతి మెసేజిలో ఆమె ఒకటే మాట అనేది: "మనవాళ్ళవే, భయపడకు."

ఒక పొద్దున గేటు దగ్గరికొచ్చి ఫోను నా చెవికి ఆనించాడు. "భాయ్, నువ్వు ఫిరంగులవాడివి. జానేవాలా హై, యా ఆనేవాలా?" పోయేదా, వచ్చేదా? "అమ్మ మాట నమ్మను. ఇల్లు మీద పడ్డా మనవాళ్ళవే అంటుంది."

ఇది నాకు తెలిసిన విద్య. పెద్ద చప్పుడు ముందు, సన్నది తర్వాత వినిపిస్తే మనవైపు నుంచి పోయే గుండు. సన్నది ముందు, కొన్ని సెకండ్లకు పెద్దది వస్తే మన మీదికి వచ్చేది. ఫోనును చెవికి నొక్కిపట్టి నాలుగుసార్లు విన్నాను. పెద్దది ముందు, సన్నది తర్వాత.

"పోయేదే" అన్నాను. నా భుజం మీద ముద్దు పెట్టాడు. నాకు సిగ్గేసింది, సంతోషమూ వేసింది. దిగిపోయాక నా చెవులతో ఒకరికి పని పడటం అదే మొదలు.

పది రోజులకు మళ్ళీ తెచ్చాడు. ఈసారి సన్నది ముందొచ్చింది. "వచ్చేదే. కానీ దూరం, రెండు కిలోమీటర్లుంటుంది" అని ఉన్నదున్నట్టు చెప్పాను. అతను తల ఊపి వెళ్ళాడు. పన్నెండు గంటలకు లోపల పిడుగు పడ్డంత చప్పుడైంది. మూడో అరనుంచి టైల్సు ప్యాలెట్ జారిపడింది. కింద మనుషులు లేకపోవడం అదృష్టం. గోదాము మేనేజరు, అక్కడి మాటలో ముదీర్, వచ్చి ముక్కల వైపు చూశాడు, అతని వైపు చూశాడు. "ఇంకొక్కటి పడితే ఖలాస్. వీసా క్యాన్సిల్, ఎగ్జిట్."

ఎగ్జిట్ అంటే ఎక్కడికి? ఆ ఊరికే.

సాయంత్రం ఈ సంగతి కంపెనీ బస్సు నడిపే మా జగిత్యాల వైపు డ్రైవర్‌కు చెప్పాను. మంచివాడు, నోరు కొంచెం ఎక్కువ. "అన్నా, నువ్వేమన్న ఆడ ఆఫీసరువా? ఊకె 'మీవోల్లదే' అంటే నీ సొమ్మేం పోతది? ఆడు పానం నిమ్మలంగ పని జేసుకుంటడు."

ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

జనవరి. ఉదయం పొగమంచు, మధ్యాహ్నం ఎండ, ఇరవై నాలుగు డిగ్రీలు. మూడు గంటలకు గేటు బయట రెండు కంటైనర్లు నిలిచాయి. లోపల ఆరుగురు కూలీలు, వాళ్ళ తలల మీదుగా ఏడు మీటర్ల ఎత్తుకు సరుకు ఎక్కించాలి. ఫోర్క్‌లిఫ్ట్ అతను ఫోను పట్టుకుని పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"మేనమామ కొడుకు పికప్ తీసి రెడీగా ఉన్నాడు. వచ్చేదైతే చెప్పు, అమ్మను ఎత్తి బండిలో వేయిస్తాను. రోడ్డు ఈ రోజుకే తెరిచి ఉంది."

విన్నాను. సన్నది, తొమ్మిది సెకండ్లు, పెద్దది. మళ్ళీ సన్నది, పెద్దది. మళ్ళీ. మూడూ వచ్చేవే. అంతకంటే చెడ్డ సంగతి ఇంకొకటుంది. మొదటిది ఈల వేస్తూ తల మీదుగా పోయి ఊరు దాటి పడింది. రెండోది ఈల తలదాకా రాకముందే ఊరికి ఇవతల పడింది. మూడోది ఆ రెండింటికీ మధ్యన. గురి సరిచేసుకునే పద్ధతి అది. ఎన్నోసార్లు నేనే వైర్‌లెస్ సెట్‌లో చెప్పాను: వంద తగ్గించు, యాభై పెంచు. ఆ తర్వాత ఏమొస్తుందో మా ఫిరంగుల బ్యాటరీలో వంటవాడికి కూడా తెలుసు.

ముదీర్ గాజు కిటికీలోంచి చూస్తున్నాడు. కంటైనర్ డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. "యల్లా, యల్లా!" ఫోర్క్‌లిఫ్ట్ తాళంచెవి అతని వేళ్ళలోంచి అప్పటికే ఒకసారి జారిపడింది. ఆరు గంటలకు, బండి దిగాక నిజం చెబుదామనుకున్నాను. మూడు గంటల్లో ఏమవుతుందిలే అనుకున్నాను.

"పోయేదే" అన్నాను.

అక్కడే నిలబడి పికప్ అతనికి ఫోను చేశాడు. వద్దన్నాడు. వెళ్ళి రెండు కంటైనర్లూ ఒక్క గీత పడకుండా దించాడు.

ఆరు గంటలకు రెండు కప్పుల టీ పట్టుకొచ్చాడు. ఎన్నో వారాల తర్వాత నవ్వుతున్నాడు. చెప్పడానికి నోరు తెరిచాను. టీ తాగాను. రేపు పొద్దున చెబుదామనుకున్నాను. రిపోర్టు ఆలస్యమైతే అది అబద్ధంతో సమానమని పాతికమంది రిక్రూట్లకు పాఠం చెప్పినవాణ్ణి నేను.

మర్నాడు మెసేజి రాలేదు. మూడోరోజు తెలిసింది. ఆ సాయంత్రమే తమ్ముడు రొట్టెల కోసం ఇంటికి వచ్చాడు. తల్లి పొరుగింటి పొయ్యి దగ్గర రొట్టెలు కాలుస్తోంది. గుండు ఇంటి మీద పడింది. తమ్ముడు లోపల ఉన్నాడు. తల్లి ఊళ్ళో లేకపోతే అతనికి ఇంటికొచ్చే పనే లేదు.

శుక్రవారం ఇంటర్నేషనల్ సిటీ అనే పేటలో అతని గదికి వెళ్ళాను. మూడో అంతస్తు, ఆరు మంచాలు. గోడవారగా నలుగురు కుర్దులు కూర్చున్నారు. చావింటి ఆనవాయితీగా చక్కెర లేని కాఫీ ఇచ్చారు. నా పక్కన చోటిచ్చి అతనే నన్ను ఓదార్చాడు: "నువ్వూ పోయేదే అన్నావు కదా. అమ్మ అబద్ధం చెప్పలేదు. ఏదో దారితప్పిన గుండు. మా రాత." నేను కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

అంతలో తల్లి వీడియోలో వచ్చింది. తెల్లటి తలగుడ్డ, చేతికి కట్టు, వెనకాల బడి నల్లబల్ల. ఊరివాళ్ళను పట్నంలో ఒక బడిలో ఉంచారట. ఇండియా ఫౌజీ వచ్చాడని చెబితే ఫోను నా వైపు తిప్పమంది. చాలాసేపు చూసింది. తర్వాత నెమ్మదిగా మాట్లాడింది. అతను ఒక్కొక్క మాటా హిందీలోకి మార్చి చెప్పాడు.

"అమ్మ అంటోంది: నీ గురించి విన్నాను. చప్పుళ్ళు చదివేవాడివట."

చేతులు జోడించాను.

"అమ్మ అంటోంది: ఆ రోజువి వాళ్ళ గుండ్లే. పదేళ్ళుగా వింటున్నాను, నాకు తెలియదా? నా కొడుకు ఎత్తైన బండి మీద పని చేస్తాడు. వాడి చెయ్యి వణకకూడదని మనవాళ్ళవే అన్నాను."

పాఠం ఒప్పజెప్పినట్టు, అర్థం ఇంకా తనదాకా చేరకుండానే చెప్పుకుపోతున్నాడు.

"నేను తల్లిని, అందుకని అన్నాను. తుమ్ తో ఫౌజీ హో. తుమ్‌నే..."

నువ్వు ఫౌజీవి కదా, నువ్వు... అక్కడ ఆగిపోయాడు. తల్లి అదే మాట కుర్దులో మళ్ళీ అడిగింది. అతను మార్చి చెప్పలేదు. నాకు మార్చి చెప్పనక్కర్లేదు.

"ఆరు గంటలకు చెబుదామనుకున్నాను" అన్నాను. లేచి బూట్లు తొడుక్కుని మెట్లు దిగాను.

తర్వాత ఏడు నెలలు అదే గేటు దగ్గర చేశాను. అతను ముదీర్‌కు ఏమీ చెప్పలేదు, నాతో గొడవ పడలేదు. సలాం అంటే సలాం అనేవాడు. ఫోను మాత్రం మళ్ళీ ఎప్పుడూ నా దగ్గరికి తేలేదు. ఆగస్టులో కాంట్రాక్టు అయిపోయింది. హైదరాబాదులో దిగి, తెల్లవారుజాము బస్సెక్కి ఊరికి చేరాను. చుట్టాలొచ్చారు, ఖర్జూరాలు తిన్నారు, దుబాయ్ ముచ్చట్లు అడిగారు. ఎండ బాగా ఎక్కువని చెప్పాను.

అన్నం తింటున్నప్పుడు, పొలం గట్టున నడుస్తున్నప్పుడు ఆ ముఖమే వస్తుంది. మంచం అంచున కూర్చున్న మనిషి. చేతిలోని ఫోనులో వాళ్ళమ్మ ఇంకా మాట్లాడుతూనే ఉంది. అతను నా వైపు తిరిగి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉంచి, తన నోటితో తనే పలికిన మాటను అప్పుడే వింటున్నాడు.