మూడు లెక్కల మారయ్య సారు

మా డ్రిల్లు సారు మారయ్య గారి చేతిలో ఏ వస్తువూ మూడు లెక్కలకు మించి నిలవదు. ఇది నేను కల్పించి చెప్పే మాట కాదు. ఆ రోజుల్లో నల్లగొండలో ఆయన్ని ఎరిగినవాళ్లందరూ చెప్పే మాటే. చాయ్ ఇస్తే మూడో లెక్కకల్లా తాగేసి, ఖాళీ గ్లాసు పక్కవాడి చేతిలో పెట్టేవాడు. ఆ పక్కవాడు ముక్కూ మొహం తెలియనివాడైనా సరే. పెళ్లినాడు పుస్తె చేతికిస్తే, అయ్యగారి మంత్రం సగంలో ఉండగానే మూడు ముళ్లూ వేసేశాడట.

"ఏం జెయ్యాలె బిడ్డా! మీ సారు పుట్టంగనే మంత్రసాని పట్టుకోలేక జారిడిసిందట. గప్పటి సంది గిట్లనే" అని ఆయన భార్య అండాలమ్మ మాతో మొత్తుకునేది.

ఒకసారి పక్కింటి లీలమ్మ తన చంటిపిల్లను ఆయన చేతికిచ్చింది. "జర పట్టుకో సారూ, బిందెడు నీళ్లు చేదుకొస్త" అంది. ఆమె తిరిగొచ్చేసరికి సారు చేతులు ఖాళీ. పిల్లేదని అడిగితే పక్క అరుగు చూపించాడు. ఆ అరుగు మీది ముసలాయన అవతలి ఇల్లు చూపించాడు. చివరికి పిల్ల నాలుగో ఇంట్లో కిలకిలా నవ్వుతూ దొరికింది. లీలమ్మ మాత్రం నెల రోజులు సారుతో మాట్లాడలేదు.

అండాలమ్మ ఏమన్నా, ఈ జబ్బంతా బాస్కెట్‌బాల్ వల్ల వచ్చింది. సారు హైదరాబాదులో ఆ ఆట నేర్చుకొచ్చి, మా బడి వెనక జాగాలో కర్ర పాతి, పాత డోలు కట్టును వంచి రింగు బిగించాడు. నిజాం రోజులు కాబట్టి డ్రిల్లంతా ఉర్దూలోనే. "ఏక్, దో, తీన్... ఛోడ్!" అని అరిచేవాడు. ఛోడ్ అంటే విడువు అని. ఛోడ్ అన్నాక కూడా బంతి ఎవడి చేతిలో ఉంటే వాడు మైదానం చుట్టూ పది చుట్లు ఉరకాలి.

నేనైతే రోజూ ఉరికేవాణ్ని. బంతి నా చేతికొస్తే ఇంకొకడికి ఇవ్వబుద్ధయ్యేది కాదు.

"ఒరే వెంకటయ్యా, గది మీ నాయిన సంపాదించిన పొలమారా, ఇడువవు?"

"గోలు జేస్త సార్!"

"ఏం జేస్తవు? చుట్టూ నలుగురున్నరు. బంతి నీది గాదు బిడ్డా, మూడు లెక్కలు నీకు కిరాయికొచ్చింది. కిరాయి అయిపోంగనే జాగా ఖాళీ జెయ్యాలె."

పాసు నేర్పడంలో మాత్రం ఆయన్ని మించినవాడు లేడు. రెండు చేతులతో రొమ్ము దగ్గర్నుంచి తొయ్యాలి, ఒక అడుగు ముందుకెయ్యాలి. "మనిషి ఉన్నకాడికి గాదురా, పోయేకాడికి ఇయ్యాలె" అని చెప్పి చెప్పి ఆయన గొంతు పోయేది, విని విని మా చెవులు పోయేవి.

మా జట్టులో అందరికన్నా గట్టి పాసు కాటమయ్యది. సూర్యాపేట దిక్కు ఊరివాడు, నల్లగొండలో చిన్న గది కిరాయికి తీసుకుని చదువుకునేవాడు. వాడు విసిరిన బంతి రొమ్ముకు తగిలితే అన్నం తిన్నప్పుడు కూడా నొప్పి తెలిసేది.

నలభై ఎనిమిది వానాకాలం వచ్చింది. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్నారు, బస్సులు బందయ్యాయి. సరిగ్గా అప్పుడే మా బంతి కూడా పగిలింది. కొత్తది కావాలంటే హైదరాబాదు పోవాలి, పోయే దారి లేదు. వేరేవాళ్లయితే ఆట మానుకునేవాళ్లు. మారయ్య సారు తాటిపండ్లు తెచ్చాడు. తాటిపండుతో పాసులంటే మాటలా! నాలుగో పాసుకు పగిలి, మొహమంతా పసుపుపచ్చటి గుజ్జు. మేమందరం జాతరలో పోతరాజుల్లా తయారయ్యేవాళ్లం.

ఆ తాటిపండ్ల రోజుల్లోనే కాటమయ్య పాసు మెత్తబడింది. రొమ్ముకు రావలసింది కాళ్ల దగ్గర పడేది. మేం నవ్వాం. సారు నవ్వలేదు.

"తిన్నవారా?"

"తిన్న సార్."

"ఏం దిన్నవు?"

"బువ్వ, సార్."

వాళ్ల ఊళ్లో రజాకార్లు ధాన్యం తగలబెట్టారనీ, ఇంటి నుంచి గింజ రావడం లేదనీ మాకు తెలుసు. నేనొకసారి రొట్టె ఇవ్వబోతే వాడు కస్సున లేచాడు. "మాది పెట్టిన చెయ్యిరా, పట్టే చెయ్యి గాదు. ఇంగోసారి గిట్ల జేస్తే సదువిడిసి ఊరికి పోత" అన్నాడు. పోతే ఏ దారిలో ఏమవుతాడో ఎవరు చెప్పగలరు? రోజూ మధ్యాహ్నం ఎర్రంచు తువ్వాలలో కట్టిన సద్దిమూట పట్టుకుని ఒంటరిగా గోడ చాటుకు పోయేవాడు. ఏదో తింటున్నాడులే అని ఊరుకున్నాం.

తిన్నావా అని అడిగిన మర్నాడే సారు కొత్త కవాతు పెట్టాడు. "తాటిపండ్లు అయిపోయినయి. ఇయ్యాల్టి సంది సద్దిమూటలే బంతులు. అందరు గుండ్రంగ నిలవడుండ్రి. ఏక్, దో, తీన్ అనంగనే పక్కోనికి ఇయ్యాలె. నేను బస్ అని ఆపినప్పుడు ఎవని చేతిల ఏది ఉంటే వాడు గది తినాలె."

మేం తొమ్మిదిమందిమి, సారుతో పదిమంది. పది మూటలు. మా మేనత్త బిక్షమ్మకు ఈ సంగతి తెలిసి బడి మీదికొచ్చింది.

"నేను నెయ్యి రాసి కట్టిన రొట్టెలు ఎవరో తినుడేంది సారూ? మావోడు ఎవలింటి కూడు తింటుండో ఏమో!"

"పాసులు మంచిగైతున్నయమ్మా!"

"పాసులు గాదు, నీకు పిస లేసింది!"

అత్త అన్నదాంట్లో తప్పేముంది అనుకున్నాను నేను. నా నేతి రొట్టెలు రోజూ ఎవడో తింటుంటే, నాకు ఎవడిదో జొన్న గటక వచ్చేది. పైగా ఒక విచిత్రం కనిపెట్టాను. "బస్" చెప్పేది సారే. అది చెప్పేసరికి ఎర్రంచు మూట రోజూ ఆయన చేతిలోనే ఉండేది! దాన్ని పట్టుకుని సామాను గదిలోకి పోయి తలుపేసుకునేవాడు. కాసేపటికి బ్రేవ్‌మని తేన్పుతూ బయటికొచ్చి, "ఏం కమ్మగుందిరా!" అనేవాడు. ఆ మూట చేతికి గట్టిగా, బరువుగా తగిలేది. లోపల కూరగిన్నె ఉందనీ, కాటమయ్య వాళ్లమ్మ ఎవరిచేతో కోడికూర పంపిస్తోందనీ, సారు దొంగాట ఆడుతున్నాడనీ నాకు గట్టి నమ్మకం.

ఒకనాడు ఆగలేక ఆ మూట పట్టుకున్నాను. "ఇయ్యాల మార్సుకుందాం సార్!"

సారు దాన్ని రొమ్ముకు హత్తుకున్నాడు. మూడు లెక్కలు పోయాయి, పది పోయాయి, ఇరవై పోయాయి. విడిస్తే ఒట్టు! చంటిపిల్లనైనా పట్టుకోని మనిషి ఆ మూటను మాత్రం వదల్లేదు. గది తలుపు ధన్‌మని పడింది.

నేను కిటికీ సందులోంచి చూశాను. సారు తువ్వాల విప్పాడు. లోపల ఒక రాయి. అంతే. దాన్ని పక్కన పెట్టి, కుండలోని నీళ్లు రెండు చెంబులు తాగాడు. మూతి తుడుచుకున్నాడు. రాయిని మళ్లీ జాగ్రత్తగా మూటగట్టి, గొంతు సవరించుకుని, నెలరోజులుగా మేం వింటున్న ఆ గొప్ప తేన్పు తేన్పాడు.

నెల రోజులుగా నేనొక దేవుడి మీద దొంగతనం మోపుతున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే కాటమయ్య ఆ సాయంత్రమే మూటాముల్లె సర్దుకుంటాడు. కాకపోతే అత్తతో పోట్లాడి ఇంకో రొట్టె ఎక్కువ కట్టించుకోవడం మొదలుపెట్టాను. సారు చేసేది తెలిశాక గటక కూడా బాగానే ఉందనిపించింది.

పోలీసు యాక్షన్ అయింది. దారులు తెరుచుకున్నాయి. బడి మళ్లీ పెట్టిన వారానికి కాటమయ్య తల్లి నర్సింగమ్మ జొన్నల మూటతో బండి దిగింది. ఆ మధ్యాహ్నం యథాప్రకారం గుండ్రంగా నిలబడ్డాం. యథాప్రకారం ఎర్రంచు మూట దగ్గరికి రాగానే సారు "బస్!" అని గదివైపు నడిచాడు.

"సార్" అన్నాడు కాటమయ్య. "ఇయ్యాల దాంట్ల రాయి లేదు. మా అవ్వ కోడికూర కట్టింది."

సారు మొహం చూడాలి మీరు! చేతిలోని మూట జారి పడబోయింది.

"నీకెట్ల ఎరుకరా?"

"నేను గట్టిన రాయి నాకు ఎరుకుండదా సార్? రోజూ తింటున్నరు, ఒక్క పన్నన్న ఊడలే."

"మరి చెప్పకపోతివి?"

"మీరు గంత కమ్మగ తేన్పుతాంటే ఎట్ల జెప్పాలె సార్!" అన్నాడు వాడు. నవ్వుతూనే అన్నాడు గానీ వాడి కళ్లు తడిగా ఉన్నాయి.

సారు అలవాటు ప్రకారం మూటను పక్కవాడికి విసిరేశాడు. అది ఒక్కొక్కరి చేతిలోంచి గుండ్రంగా తిరిగి నా దగ్గరికొచ్చింది. కోడికూర వాసన! నా జన్మలో ఇవ్వబుద్ధి కాని బంతి ఏదైనా ఉందంటే అదే. అయినా ఒక అడుగు ముందుకేసి, సారు రొమ్ము మీదికి తిన్నగా ఇచ్చాను.

"ఇగ తినుండ్రి సార్" అన్నాం అందరం.

ఆయన అక్కడే నేలమీద కూర్చుని మూట విప్పాడు. తలా ఒక ముక్క పెడతాడని చుట్టూ చేరి, చాలాసేపు ఆశగా చూశాం. ఒక్క ముక్క మిగల్చలేదు.