స్కిప్ నొక్కని అత్తయ్యగారు

మా అత్తయ్యగారు ఫోన్లో ప్రకటన వస్తే దాటవేయరు. మూలన స్కిప్ అని కనిపిస్తూనే ఉంటుంది, ఎలా నొక్కాలో నేను నేర్పాను కూడా. "మనిషి మాట్లాడుతుంటే మధ్యలో నోరు మూయిస్తామా? ఏం మర్యాదమ్మా అది?" అంటారు. రాజోలు పక్క పల్లెలో పుట్టి పెరిగిన మనిషి. పాతసామాన్లు కొనేవాడితో కూడా అండీ లేకుండా మాట్లాడరు. ప్రకటనలో కుర్రాడెవరో డబ్బా చూపిస్తూ వాగుతుంటే, వంకాయలు తరుగుతూ "ఆయ్... ఆయ్" అని ఊకొడతారు.

ఇదంతా పనసకాయతో మొదలైంది. ఒకరోజు ఫోన్ని నోటి దగ్గర పెట్టుకుని, "షుగర్ ఉన్నవాళ్ళు పనస తొనలు తినొచ్చాండీ?" అని అడిగారు. అంతే, ఆవిడ జబ్బేమిటో దానికి తెలిసిపోయింది. ఏ ప్రకటననైనా చివరిదాకా వింటారని అప్పటికే తెలుసు. ఇక ఆవిడ రోజూ వినే ప్రవచనానికి ముందూ వెనకా షుగర్ పొడి అమ్మేవాళ్ళే. "రాజోలు చుట్టుపక్కల వారికి ప్రత్యేకం" అన్నాడొకడు. "మన ఊరు తెలిసిన మనిషేనమ్మా" అని మురిసిపోయారు. వాడికి తెలిసింది ఊరు కాదు, ఫోన్ ఎక్కడుందో అని ఎంత చెప్పినా ఎక్కలేదు.

ప్రకటనలో నొక్కమన్నచోట నొక్కారు, పొడి పార్శిల్లో వచ్చింది. ఆవిడ మాత్రలు మానేశారు, నాకు చెప్పలేదు. చెప్పు పట్టీ ఒరుసుకుని కాలి వేలి దగ్గర పుండు పడింది. ఎంతకీ మానకపోతే అమలాపురం తీసుకెళ్ళాను. "మాత్రలు వేసుకోకపోతే వేలు తీసెయ్యాల్సొస్తుందండీ" అన్నారు డాక్టరుగారు. కువైట్‌లో ఉన్న మా ఆయనకి ఫోన్ చేస్తే, "ఫోన్ లాక్కుంటే అమ్మ అన్నం మానేస్తుంది. నువ్వే ఎలాగో నచ్చచెప్పు" అన్నారు. ఎలాగో! ఆ మాట వింటే ఒళ్ళు మండుతుంది నాకు. ఫోన్ తీసుకుంటే గయ్యాళి కోడలిని. ఊరుకుంటే ఆవిడ వేలు పోతుంది.

చివరికి మా తమ్ముణ్ణి అడిగి, ప్రకటనల్ని అడ్డుకునే యాప్ ఒకటి ఆవిడ ఫోన్లో పెట్టాను. నిజంగానే అందరూ మాయమయ్యారు. "ఆ అబ్బాయి రావట్లేదేంటమ్మా?" అని అడిగారు. "ఏదో ఊరెళ్ళుంటాడు లెండి" అన్నాను. పొడి అయిపోయింది, మళ్ళీ తెప్పించుకునే దారి దొరకలేదు. మెల్లగా మాత్రలు మొదలుపెట్టారు. పుండు చుట్టూ ఎరుపు తగ్గింది. హమ్మయ్య అనుకున్నాను.

నిన్న పొద్దున్న టిఫిను పెట్టి మాత్ర చేతికిచ్చాను. ఫోన్లో ప్రవచనం నడుస్తోంది. గురువుగారు కథ మధ్యలో ఆగి, అదే గొంతుతో, పక్కనున్న డబ్బా చేతిలోకి తీసుకున్నారు. తాము స్వయంగా వాడే పొడి అట. ఇంక మాత్రల బాధే ఉండదట. యాప్ పరాయివాళ్ళని గుమ్మంలో ఆపుతుంది గానీ, ఆవిడ రోజూ దణ్ణం పెట్టే మనిషిని ఎలా ఆపుతుంది? నాకు ఏడుపొచ్చింది.

అత్తయ్యగారు మాత్రను కంచం అంచున పెట్టారు. "ఇన్నాళ్ళూ వాళ్ళెవరో చెప్పేరని తిట్టేవు. ఇప్పుడు ఈయన కూడా అబద్ధమాడేరంటావా?"

"అవునండీ" అన్నాను.

ఆవిడ కుంటుకుంటూ గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. మాత్ర పట్టుకుని వెళ్ళి తలుపు కొట్టాను. లోపల ఫోన్ సౌండు పెంచారు.